సగం గడ్డి

నాచారం ఫ్యాక్టరీలకు పోయే రోడ్డు మీద పోశయ్య దుకాణం ముందు నిలబడి ఎవరైనా "కూలర్ సల్లగ వస్తలేదు" అంటే, ఆయనకు తన ఇంటిపేరును తిట్టినట్టే ఉండేది. ఆ మాట అన్న మనిషిది ఏ గల్లీయో అడిగి, స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని, తినే అన్నం వదిలి బయలుదేరేవాడు. ముప్పై ఒక్క ఎండాకాలాలుగా ఆయన చేసే పని ఒకటే. కూలర్ జాలీల్లో చివికిపోయిన పాత గడ్డి పీకేసి, కొత్త గడ్డి నింపి, సుతిలి తాడుతో కుట్టి బిగించడం. ఉప్పల్ నుంచి రామంతాపూర్ దాకా ఆయన చెయ్యి పడని గల్లీ లేదు.

"పోశయ్య గడ్డి వెడ్తే మే నెలల దుప్పటి గప్పుకోవాలె" అని ఆ చుట్టుపక్కల ఒక మాట ఉంది. ఎవరు పుట్టించారో తెలియదు. పోశయ్యే పుట్టించి ఉంటాడని ఆయన భార్య సత్తమ్మకు పెళ్లయిన నాటి నుంచీ అనుమానం.

ఆయన పద్ధతి ఆయనకుంది. గడ్డి పరిచి, చేత్తో అదిమి, మోకాలితో తొక్కిపెట్టి, ఇంకో రెండు పిడికిళ్లు కూరి, జాలీని ఎండకు ఎత్తి చూస్తే అవతలి నుంచి వెలుతురు చుక్క కూడా రాకూడదు. అది పని. వెలుతురు కనపడిందా, అది సగం పని. పోశయ్య నోట్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

ఆ తిట్టు రోజుకు పదిసార్లు పడేది మాత్రం కన్నకూతురికే. పద్మశ్రీకి ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ అయ్యాక నాచారంలోనే ఒక ప్యాకింగ్ కంపెనీలో చేరి, ఎనిమిది నెలలకు మానేసి, తండ్రి దుకాణంలో గడ్డి మోపు పక్కన వచ్చి కూర్చుంది. ఈ పని ఆమెకు ఇష్టం. తడి గడ్డి వాసన ఇష్టం, ఎండలో వచ్చిన వాళ్లు చల్లబడి పోవడం ఇష్టం. కానీ ఆమె నింపిన జాలీని ఎత్తి చూస్తే, అవతల రోడ్డు మీద పోయే షేర్ ఆటో రంగు కూడా తెలిసిపోయేది.

"గిది జాలీయా, జల్లెడనా?" అనేవాడు పోశయ్య.

"గాలి పోవాలె గద నాయినా."

"గాలి పోవుడు గాదే, సల్లదనం రావాలె. సగం పని!" అంటూ అంతా విప్పి తనే మళ్లీ నింపేవాడు. పద్మశ్రీ ఎదురు మాట్లాడకుండా సుతిలి అందించేది. ఎందుకు ఎదురు మాట్లాడటం లేదో ఆయన ఏనాడూ ఆలోచించలేదు. తప్పు చేసిన వాళ్లు మాట్లాడరు కదా అనుకున్నాడు.

గిరాకీ మాత్రం ఏటేటా తగ్గుతోంది. ఇళ్లలోకి ఏసీలు వచ్చాయి, వచ్చిన కొత్త కూలర్లలో గడ్డి బదులు అట్టలు వచ్చాయి. అన్నోజిగూడలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్ కావాలని మేనల్లుడు బాలరాజు కబురు పెట్టాడు. ఈ ఎండాకాలం కాంగనే షటర్ దించేస్తానని పోశయ్య ఇంట్లో ప్రకటించాడు. ఆ మాట అన్న రోజు ఆయన సరిగ్గా అన్నం తినలేదు.

"దించుడెందుకు? నేను నడుపుత" అంది పద్మశ్రీ.

"సగం పని జేసేటోళ్ల చేతిల నా పేరు వెట్టి పోను" అన్నాడు. మాట అన్నాక కూతురి ముఖం చూడలేక, లేని పని కల్పించుకుని దుకాణం వెనక్కి పోయాడు.

మార్చి నెల మధ్యలో, మెడ మాడిపోయే ఒక మధ్యాహ్నం, వీపుకు సంచి తగిలించుకున్న ఒక అమ్మాయి దుకాణంలోకి వచ్చి మంచినీళ్లు అడిగింది. కరెంటు పోయి గంటయింది. వాకిట్లో మాత్రం తడిపిన గడ్డి తడిక వేలాడుతోంది, దాంట్లోంచి వచ్చే గాలి లోపల చల్లగా తిరుగుతోంది. ఆ అమ్మాయి నీళ్లు తాగడం మరిచిపోయి గోడలు, కప్పు, నేల చూసింది.

"కరెంటు లేదు కదా బాబాయ్. ఇక్కడింత చల్లగా ఎలా ఉంది?"

ఎండాకాలంలో పోశయ్యను ఇంతకన్నా మంచి ప్రశ్న అడగలేరు. ముప్పై ఒక్క ఏళ్ల చరిత్ర చెప్పాడు. దుప్పటి మాట రెండుసార్లు చెప్పాడు. అప్పుడే టిఫిన్ డబ్బా తెచ్చిన సత్తమ్మ, ఆ పిల్ల ఓపికను చూసి జాలిపడి మజ్జిగ కూడా ఇచ్చింది.

ఆ అమ్మాయి పేరు హరిణి. శ్రీకాకుళం తీరంలో సముద్రపు తాబేళ్ల మీద పరిశోధన చేస్తోంది. ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు కొన్ని పాడైతే, బాగు చేయించుకోవడానికి నాచారం వచ్చింది. తల్లి తాబేళ్లు ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయి, కుక్కలు తవ్వి తినకుండా తనూ, ఊరి జాలర్లూ ఆ గుడ్లను తెచ్చి కంచె వేసిన ఇసుకలో మళ్లీ పూడుస్తారు. ఆమె గబగబా చెప్పుకుపోయింది, ఎవరికైనా చెప్పుకోవాలని ఎప్పటి నుంచో ఉన్నట్టుంది.

"ఈ ఏడు ఇసుక కాలిపోతోంది పిన్నీ. తాబేలు గుడ్డులో ఆడపిల్లా, మగపిల్లా అన్నది ఇసుక వేడిని బట్టే ఉంటుంది. ముప్పై ఒక్క డిగ్రీలు దాటితే దాదాపు అన్నీ ఆడవే. ఇంకా పెరిగితే లోపలే చచ్చిపోతాయి."

సత్తమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఎండకు ఆడపిల్లలు పుడ్తరా? గట్లయితే మా ఉప్పల్ల ఒక్క మొగపిలగాడు గూడ ఉండొద్దు గదనే!"

అందరూ నవ్వారు. హరిణి కూడా నవ్వింది కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఆడపిల్లలు పుడితే నాకు సంతోషమే. కానీ అన్నీ ఆడవే అయితే, పెద్దయ్యాక పెట్టే గుడ్లు వట్టి గుడ్లే అవుతాయి. పోయిన వారం పెట్టిన గుడ్లు ఇరవై నాలుగు గుంతలున్నాయి. మూడో వారం వచ్చేసరికి లోపలిది ఆడో మగో తేలిపోతుంది. ఈలోపు చల్లబరచాలి. నీళ్లు పోస్తే గుడ్లు మురిగిపోతున్నాయి, పందిరి వేస్తే చాలడం లేదు. అక్కడ కరెంటు లేదు."

"కూలర్‌కు గావాల్సినయి మూడే బిడ్డా. గడ్డి, నీళ్లు, గాలి" అన్నాడు పోశయ్య. "సముద్రం కాడ గాలి రాదా?"

"గాలికేం బాబాయ్, మనిషిని ఎత్తుకుపోతుంది."

"మరి ఇగ కరెంటెందుకు?"

హరిణి చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఆగిపోయింది. గాలి వచ్చే వైపు గడ్డి తడికలు నిలబెట్టి, పైన కాస్త వాలుగా కప్పి, పైనుంచి నీళ్లు చుక్కలుగా దించితే? అక్కడి గాలిలో తడి ఎక్కువే, కానీ ఎండ ఇక్కడంత ఉండదు, చెల్లుకు చెల్లు. ముందు ఇక్కడే, గుడ్లు లేకుండా, ఉత్త ఇసుకతో పరీక్ష చేసి చూద్దామంది. శుక్రవారం దాకా చూసి, బాగుంటే ఇరవై నాలుగు తడికలు సోమవారం రైల్లో తీసుకుపోతుంది. బాగుంటే వచ్చే ఏడు ఆ తీరం పొడవునా ఉన్న కంచెలన్నిటికీ పోశయ్యే చెయ్యాలి.

"ముప్పై దాటకూడదు బాబాయ్. అలాగని ఇరవై ఎనిమిది కిందికీ పోకూడదు."

ఆమె రెండూ చెప్పింది. పోశయ్య చెవికి మొదటిదే ఎక్కింది. చల్లదనానికి కింద కూడా ఒక హద్దు ఉంటుందని ముప్పై ఒక్క ఏళ్లలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. షటర్ దించే పని లేకుండా పోవచ్చన్న ఆశ మాత్రం, ఎవరికీ కనపడకుండా, ఆయన ఛాతీలో కూర్చుంది.

పక్క షెడ్డులో ఫ్యాక్టరీలకు చెక్కపెట్టెలు కొట్టే అబ్రహాం, సాయంత్రానికల్లా రెండు ఫ్రేములు కొట్టి ఇచ్చాడు. దుకాణం వెనక గల్లీలోని ఇంటి డాబా మీద మూడు డ్రమ్ములు పెట్టి ఇసుక నింపారు. హరిణి ఒక్కో డ్రమ్ములో మూరెడు లోతున టేబుల్ టెన్నిస్ బంతులు పేర్చింది, వాటి మధ్య రూపాయి బిళ్లంత యంత్రం ఒకటి పెట్టి పూడ్చింది. గుడ్ల మధ్య ఖాళీ ఎలా ఉంటుందో అలా ఉండాలట. వడియాలు ఎండబెట్టడానికి వచ్చిన సత్తమ్మ, అవి బంతులని తెలిసి కూడా, పూడ్చే ముందు వాటికి దండం పెట్టుకుంది.

ఒక డ్రమ్ము ఉత్తదిగా వదిలేశారు. రెండోదానికి పోశయ్య తడిక. పెళ్లికి పరుపు కుట్టినంత శ్రద్ధగా నింపాడు. వేలు పెడితే దిగదు. మూడో డ్రమ్ముకు ఏం పెడదామని హరిణి అడిగితే, ఆయనకు ఒక ఆలోచన వచ్చింది, దానికి ఆయనే మురిసిపోయాడు.

"మా పొల్ల సగం గడ్డి వెట్టు. నిండు పనికి, సగం పనికి తేడా అందరికి తెలుస్తది."

పద్మశ్రీ గడ్డి మోపు ముందుకు లాక్కుంది. గడ్డిని విడదీసి, దులిపి, పలచగా పరిచింది. తండ్రి తడికకు రోజంతా చుక్కలు పడేలా మట్టికుండకు చిల్లు పెట్టి వేలాడదీశారు. తన తడికకు మాత్రం పొద్దున ఒక చెంబు, రెండు గంటలకు ఒక చెంబు చాలంది. పోశయ్య అబ్రహాం వైపు చూసి కన్ను గీటాడు.

శుక్రవారం పోశయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అబ్రహాంను పిలిచాడు, కింద వాటాలో అద్దెకుండే వాళ్లను కూడా పిలిచాడు. హరిణి బిళ్లలు బయటికి తీసి, మెట్ల గదిలో నీడన కూర్చుని ల్యాప్‌టాప్‌కు తగిలించింది.

"ఉత్త ఇసుక. ముప్పై నాలుగు."

"అయ్యో, పిల్లలు ఉడికిపోతరు" అంది సత్తమ్మ.

"బాబాయ్ డ్రమ్ము..." హరిణి తెర మీదికి వంగింది. "ఇరవై ఐదున్నర."

పోశయ్య తొడ చరిచాడు. "సూసినవా! ముప్పై దాటొద్దంటివి. నేను ఇరవై ఐదుకు దెచ్చిన!" అబ్రహాం చప్పట్లు కొట్టాడు. అద్దెవాళ్లు కూడా కొట్టారు. చప్పట్లు కొట్టనిది హరిణి ఒక్కతే.

"బాబాయ్, ఇందులో గుడ్లు పెడితే..." ఆమె మాట వెతుక్కుంది. "అన్నీ మగపిల్లలే. ఒక్క ఆడది కూడా ఉండదు. అది కూడా బతికి బయటికొస్తే. ఇంత చలికి చాలా గుడ్లు పొదగవు."

చప్పట్లు కొట్టిన చేతులు కిందికి దిగాయి. సత్తమ్మ మాట అందుకుంది. "ఆడ ఎండకు అందరు ఆడపిల్లలు. ఈడ మా ఆయన సల్లదనానికి అందరు మొగపిలగాండ్లు. మరి గాళ్లకు పెండ్లిళ్లు ఎట్లయితయే?"

అబ్రహాం నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. హరిణి మూడో బిళ్ల తగిలించింది. చూసింది. తీసి, తుడిచి, మళ్లీ తగిలించి చూసింది.

"ఇరవై తొమ్మిదిన్నర" అంది మెల్లగా. తర్వాత పెద్దగా, "పద్మా! నాలుగు రోజులూ ఇరవై తొమ్మిదిన్నరే. సగం ఆడ, సగం మగ. నేను రెండేళ్ల నుంచి వెతుకుతున్నది ఇదే!" అంటూ వెళ్లి పద్మశ్రీని పట్టుకుని ఊపేసింది.

పద్మశ్రీ ముఖం వెలిగింది. కానీ ఆ వెలుగు తండ్రిని చూడగానే తగ్గింది. పోశయ్య ఇస్త్రీ చొక్కా గుండీలు చూసుకుంటున్నాడు. ఆయనకు సిగ్గేసింది. నలుగురినీ తనే పిలిచి మరీ సిగ్గుపడ్డాడు. సిగ్గును ఎలా మొయ్యాలో ఎన్నడూ నేర్చుకోని మనిషి కాబట్టి, దాన్ని కోపం చేసుకున్నాడు.

"సగం పని జేసుటానికి పోశయ్య దుకాణం గాదు బిడ్డా. నిండు గావాల్నంటే చెప్పు, చేస్త. సగం నేను జెయ్య" అని మెట్లు దిగి పోయాడు.

హరిణి పద్మశ్రీ వైపు చూసింది. "నువ్వు చేస్తావా?"

"దుకాణం నాయినది. ఆయన ఒద్దంటే ఒక్క పోస గూడ ముట్టుకోను" అంది పద్మశ్రీ. మెట్ల మలుపులో ఆగిన పోశయ్యకు ఆ మాట వినపడింది. వినపడి ఇంకా కోపం వచ్చింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే రామంతాపూర్ నుంచి రాజేశ్వరమ్మ ఫోన్ చేసింది. రిటైరైన లెక్కల టీచరమ్మ, పాత గిరాకీ. కూలర్ మోటార్ గరగరమంటోందట. ఇంట్లో కూతురి ముఖం, భార్య నవ్వూ తప్పించుకోవడానికి ఇదే మంచిదని పోశయ్య షేర్ ఆటో ఎక్కాడు.

మోటార్‌కు రెండు చుక్కల నూనె వేస్తే పని అయిపోయింది. మూత బిగించబోతూ జాలీ వైపు చూశాడు. హోలీకి ముందు తనే, ఈ చేతులతోనే, వేలు దిగకుండా నింపిన జాలీ. ఇప్పుడు దాంట్లోంచి అవతలి జామచెట్టు కనపడుతోంది. ఆ కుట్టు ఆయనకు తెలుసు. ఒక కుట్టు వేసి, ఒకటి వదిలేసి, మళ్లీ ఒకటి. అలా కుట్టొద్దని ఎన్నిసార్లు తిట్టాడో లెక్క లేదు.

"గిది ఎవలు జేసిన్రు మేడం?"

రాజేశ్వరమ్మ దొరికిపోయినట్టు నిలబడింది. తర్వాత టీచరమ్మే కాబట్టి కుర్చీ చూపించి కూర్చోమంది. "ఏమీ అనుకోకండి పోశయ్య గారూ. మీ గడ్డికి పేరు పెట్టడానికి లేదు. కానీ ఆ చలికి నా మోకాళ్లు బిగుసుకుపోతాయి. దుప్పటి కప్పుకోవడానికి కూలర్ ఎందుకు చెప్పండి? మూడేళ్ల నుంచీ మీరు నింపి వెళ్లిన మర్నాడు మీ అమ్మాయిని పిలిపించుకుంటున్నాను. ఆ పిల్ల వచ్చి సగం తీసేసి సర్ది పోతుంది."

"మూడేండ్లా?"

"నేనొక్కదాన్నే కాదు. ఈ గల్లీలోనే నలుగురం. మీతో చెప్పేస్తానని ఎన్నిసార్లన్నానో. వద్దు టీచర్, నాయిన బాధపడ్తడు, చెప్పొద్దు అని ఒట్టు వేయించుకుంది."

పోశయ్య జాలీ మీది కుట్టును వేలితో తడిమాడు. మూడు ఎండాకాలాలు. రోజుకు పదిసార్లు సగం పని, సగం పని అని తిట్టాడు. ఒక్క మాటతో నోరు మూయించగలిగిన పిల్ల, ఆ ఒక్క మాటా అనకుండా సుతిలి అందించింది. ఆయనకు ఏడుపొచ్చింది. రాజేశ్వరమ్మ చూడకుండా కూలర్ మూత తుడిచినట్టు తుడిచి, తువ్వాలుతో ముఖం కూడా తుడుచుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి పద్మశ్రీ దుకాణం ఊడుస్తోంది. పోశయ్య చెప్పులు విప్పి, గడ్డి మోపు పక్కన, రోజూ ఆమె కూర్చునే చోట కూర్చున్నాడు.

"రాజేశ్వరమ్మ మేడం కాడికి పోయినుంటి" అన్నాడు.

చీపురు ఆగింది. "మోటారా నాయినా?"

"మోటార్ మంచిగనే ఉన్నది. కండ్లే మంచిగ లేకుండె, నాయి." ఒక పిడికెడు గడ్డి తీసి ముందు పెట్టుకున్నాడు. "ఇగ నేర్పియ్యి."

"ఏంది నేర్పేది?"

"సగం."

పద్మశ్రీ చీపురు పట్టుకునే నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తర్వాత వచ్చి ఎదురుగా కూర్చుంది.

నేర్పడం ఒక ఎత్తు, నేర్చుకోవడం ఇంకో ఎత్తు. పోశయ్య చేతులు ఆయన మాట వినలేదు. బుద్ధి చాలు అంటుంటే చెయ్యి ఇంకో పిడికెడు కూరేది. ఆయన పెట్టేది, ఆమె పీకేది. "మోకాలు తియ్యి నాయినా, మోకాలు!" అని ఆమె అరిస్తే, ఆయన దొంగలా మోకాలు వెనక్కి లాక్కునేవాడు. జాలీని ఎండకు ఎత్తి, "ఆటో కనవడ్తలేదు, ఇంక తియ్యి" అనేది. ముప్పై ఒక్క ఏళ్లు తను చెప్పిన పాఠం తలకిందులుగా తనకే వస్తుంటే ఆయనకు కోపం రావాలి. నవ్వొచ్చింది. ఎన్నేళ్లకో ఆ దుకాణంలో తండ్రీ కూతుళ్లు కలిసి నవ్వితే, అబ్రహాం ఏమైందోనని రంపం వదిలేసి వచ్చి చూశాడు.

పద్మశ్రీ హరిణికి ఫోన్ చేసి తడికలు చేస్తామని చెప్పింది. శనివారం సాయంత్రానికి అబ్రహాం పన్నెండు ఫ్రేములు కొట్టాడు. మిగతావి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాకే అన్నాడు. "దేవుని దినం పోశన్నా. గుడి అయిపోంగనే వస్త, ఫికర్ జెయ్యకు." అన్నట్టే వచ్చాడు, ఒక్కడే రాలేదు. భార్య రోజీ, ఆమె వెంట పాటల బృందంలోని నలుగురు ఆడవాళ్లు, గుడికి కట్టిన తెల్లచీరల్లోనే వచ్చి గడ్డి చుట్టూ కూర్చున్నారు. తాబేలు పిల్లల కోసం అని విని, వద్దన్నా లేవలేదు. సత్తమ్మ పెద్ద గిన్నెతో పులిహోర కలిపింది. రోజీ వాళ్లు పాటలు పాడారు, వాటికి మధ్యలో సత్తమ్మ బతుకమ్మ పాట ఒకటి కలిపింది. దేనికీ తాళం తప్పలేదు.

పోశయ్య ఎవరికీ గడ్డి నింపడం నేర్పలేదు. ఒక్కో జాలీ ఎత్తి, "మా పద్మకు సూపియ్యి. ఆమె సరే అంటేనే సరే" అని పంపించాడు.

సోమవారం సాయంత్రం ఇరవై నాలుగు తడికలు ట్రాలీ ఆటోలో సికింద్రాబాద్ స్టేషన్‌కు పోయాయి. వాటి మీద హరిణి కూర్చుని, కనపడినంత దూరం చెయ్యి ఊపింది.

మే నెల వచ్చింది. నాచారం రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలు. ఒకరోజు పొద్దున ఆరుగంటలకు, షటర్ ఎత్తుతుండగా పద్మశ్రీ ఫోన్ మోగింది. వీడియో కాల్. ముందు ఇసుక కనపడింది, తర్వాత వాళ్ల తడికలు. ఉప్పుగాలికి రంగు మారాయి కానీ కుట్టు చెదరలేదు. ఆ తర్వాత ఇసుక కదిలింది.

"అమ్మా! జల్దీ రా!" అని కేక పెట్టింది పద్మశ్రీ.

గుప్పెట్లో పట్టేంత నల్లటి పిల్లలు. ఒకటి, నాలుగు, ఇరవై, ఇక లెక్కకు అందలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, పడి, లేచి, రెక్కల్లాంటి చేతులు ఆడిస్తూ నీళ్ల వైపు ఉరికాయి. అల వచ్చి పదింటిని ఒకేసారి తీసుకుపోయింది. సత్తమ్మ చేతులు జోడించింది. అబ్రహాం "స్తోత్రం, స్తోత్రం" అన్నాడు. పోశయ్య ఫోన్‌ను ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు. 

"బిడ్డా, ఆడయెన్ని, మొగయెన్ని?" అని అరిచాడు, సముద్రం దాకా వినపడాలన్నట్టు.

"పైకి చూస్తే తెలీదు బాబాయ్!" హరిణి గాలిలో అరుస్తోంది. "ఇసుక మాత్రం చివరి దాకా ముప్పై దాటలేదు, ఇరవై ఎనిమిది కిందికి పోలేదు. సగం సగం ఉంటాయి. వీటిలో ఆడవి పదిహేనేళ్లకు గుడ్లు పెట్టడానికి మళ్లీ ఈ తీరానికే వస్తాయి. అప్పుడు చూద్దురు గాని!"

ఫోన్ పెట్టేశాక పోశయ్య గడప మీద కూర్చుని లెక్క వేశాడు. పదిహేనేళ్లకు తనకు డెబ్బై ఆరు. పద్మశ్రీకి ముప్పై తొమ్మిది. తాబేలు తల్లి ఒడ్డుకు వచ్చేసరికి ఇసుక ఇంకా వేడెక్కి ఉంటుంది, తడిక పెట్టడానికి ఎవరైనా ఉండాలి. జేబులోంచి తన ఫోన్ తీసి బాలరాజుకు చేశాడు.

"అల్లుడా, అన్నోజిగూడకు ఇంకెవలనన్న సూసుకో. షటర్ దించుడు లేదు. దుకాణం మా పద్మ నడుపుతది. ఆమె కింద నేను పనికి కుదిరిన."

పద్మశ్రీ వెనక నిలబడి వింటోంది. లోపలికి పోయి సుతిలి ఉండ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

ఇంతలో హెచ్‌ఎంటీ నగర్ నుంచి ఒకాయన బండి మీద కూలర్ జాలీలు మూడు వేసుకుని వచ్చాడు. "పోశన్నా, పోయినేడు లెక్క గడ్డ కట్టియ్యకు. మా ఇంట్ల చిన్నపాప ఉన్నది. జర సల్లగ, జర గాలి, గంతే. సగం నింపు."

పోశయ్య లేచి పక్కకు జరిగి, తన పీట కూతురి వైపు తోశాడు.

"గా పని మా పద్మను అడుగు" అన్నాడు. "నాది ఇంక నేర్చుకునుడే అయితున్నది."